మూడు నోబాల్స్

సావనీరుకి ఏదో ఒకటి రాసివ్వమని మన యూనియన్ కార్యదర్శి పదిహేను రోజులుగా మెస్సులోనూ, లైబ్రరీ మెట్ల మీదా నన్ను పట్టుకుని వదలడం లేదు. కవిత్వం నాకు చేతకాదు. ప్రేమ గురించి రాద్దామంటే అనుభవం లేదు. ఉన్నా మా నాన్న చేతికి వెళ్ళే పుస్తకంలో రాసే ధైర్యం లేదు. "సైన్సు విద్యార్థివి గదా, అణుశక్తి మీద రాయవోయ్" అన్నాడు. అణుశక్తి మీద ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నాకు మాత్రం మూడేళ్ళుగా మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న సంగతి ఒకటుంది. దానికీ క్రికెట్టుకీ సంబంధం ఉంది, భౌతికశాస్త్రానికీ ఉంది, అన్నిటికన్నా ఎక్కువ మా ఊరికి ఉంది. పాఠక మిత్రులు ఓపిక పడితే అదే చెబుతాను.

మాది పల్నాటి వైపు పల్లెటూరు. మిరప, పత్తి. ఏటా కనుమ నాడు హైస్కూలు ఆవరణలో పందెం మ్యాచి జరుగుతుంది. పెద్దబజారు జట్టు ఒకటి, చెరువుకట్ట జట్టు ఒకటి. గెలిచిన వాళ్ళకి పొట్టేలు. టెన్నిస్ బంతి, పది ఓవర్లు, బ్యాటింగు చేసే జట్టు వాడే అంపైరు. ఈ చివరి నియమంలో ఎంత అన్యాయం ఉందో ఆనాడు నాకు తట్టనే లేదు. అన్ని ఊళ్ళలోనూ అంతే గదా!

మూడేళ్ళ కిందట, నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు, మా పెద్దబజారు జట్టు రెండో బ్యాటింగు. నేను నాలుగు పరుగులకే అవుటై వచ్చాను. ఊరికే కూర్చున్నాను గదా అని నన్ను అంపైరుగా పంపారు. రెండు ఓవర్లలో పద్నాలుగు పరుగులు కావాలి. అప్పుడు బంతి తీసుకున్నాడు చెరువుకట్ట కుర్రాడొకడు. పదిహేనేళ్ళుంటాయి. వాడి పేరు ఇక్కడ రాయను. చిన్నప్పుడు ట్రాక్టరు ట్రక్కు మీంచి పడి కుడి మోచెయ్యి విరిగింది. నాటు కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి పూర్తిగా చాపుకోదు. పళ్ళెంలో అన్నం కలిపినా, సైకిలు హాండిలు పట్టుకున్నా ఆ వంకర కనిపిస్తూనే ఉంటుంది.

మొదటి బంతికే మా పెదనాన్నగారి అబ్బాయి మధ్య కర్ర లేచిపోయింది. బంతి బయటికి పోయేట్టు కనిపించి లోపలికి తిరిగింది. గట్టు మీద నుంచి మా వాళ్ళు అరుపులు మొదలెట్టారు. "ఇసురుతున్నాడు! త్రో అది! కళ్ళు దొబ్బినయ్యా ఏందిరా, నోబాల్ ఇయ్యి!"

రెండో బంతికి నేను చెయ్యి చాపాను. నోబాల్. మళ్ళీ వేశాడు. మళ్ళీ చాపాను. మూడోసారి వేసేముందు వాడు తిరిగి నా మొహంలోకి ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. వేశాడు. మూడోసారీ చాపాను. వాళ్ళ కెప్టెను బంతి లాక్కుని ఇంకొకడికిచ్చాడు. వాడు లాంగాన్ వైపు వెళ్ళి నిలబడ్డాడు. మేం గెలిచాం. పొట్టేలు కూర నేనూ తిన్నాను.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఆ మూడు బంతుల్లోనూ వాడి మోచెయ్యి వంగి ఉండడం నేను చూశాను. అది నిజం. ఆ చెయ్యి సాగిందా, అలాగే ఉందా అన్నది చూడలేదు. చూడాలని నాకు తెలియదు కూడా. అంతకన్నా పెద్ద నిజం: మాకు పద్నాలుగు పరుగులు కావాలి.

మార్చిలో పరీక్షలకి ముందు ఒక ఆదివారం ఇంటికొచ్చాను. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మా అమ్మా, ఇద్దరు కూలీలూ తాలుకాయలు ఏరుతున్నారు. పక్క కల్లం ఆ కుర్రాడి వాళ్ళదే. వాళ్ళ నాన్న కౌలు రైతు. నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన కాయలు తిరగేస్తూనే, తల ఎత్తకుండా అడిగాడు: "ఏం అబ్బాయ్, మావోడు దొంగాట ఆడాడంట గదా?"

"దొంగాట కాదు బాబాయ్, త్రో పడింది."

"నాకేం తెలుసయ్యా ఆ ఆటలు. చదూకునేవోడివి, నువ్వు చెప్పావంటే నిజమే అయ్యుంటది. ఆ రోజు నించి బంతి ముట్టుకోవట్లేదు. మంచిదేలే, పనన్నా చేత్తన్నాడు."

ఆయన నన్ను తిట్టి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో. చదువుకునేవాడివి కాబట్టి నిజమే అయ్యుంటుంది అన్నాడు. అదీ ముల్లు.

తరువాత ఇక్కడ డిగ్రీలో చేరాను. రెండో ఏడాది హాస్టల్లో ఒక రాత్రి ముత్తయ్య మురళీధరన్ సంగతి చదివాను. పేరు తెలియని వాళ్ళెవరు! శ్రీలంక వాడు, టెస్టుల్లో 800 వికెట్లు. కానీ 1995 డిసెంబరు 26న మెల్బోర్న్ మైదానంలో ఆయనకేం జరిగిందో నాకు అంతవరకూ సరిగా తెలియదు. డారెల్ హెయిర్ అనే ఆస్ట్రేలియా అంపైరు మూడు ఓవర్లలో ఏడుసార్లు నోబాల్ అన్నాడు, త్రో వేస్తున్నావని. అదీ బౌలరు వెనకనుంచి, అంటే నేను నిలబడ్డ చోటు నుంచే. కెప్టెన్ రణతుంగ మురళిని రెండో వైపుకి మార్చాడు. అక్కడ అంపైరు స్టీవ్ డన్. ఆయన ఒక్కసారి కూడా నోబాల్ అనలేదు. అదే చెయ్యి, అదే రోజు, అదే బంతి. ఒకరికి నేరం, ఇంకొకరికి ఆట.

1999 జనవరిలో అడిలైడులో రాస్ ఎమర్సన్ అనే అంపైరు మళ్ళీ నోబాల్ అంటే, రణతుంగ జట్టునంతా బౌండరీ దాకా నడిపించుకెళ్ళాడు. ఆట ఆగి, ఎంతో చర్చ తరువాత తిరిగి మొదలైంది.

మురళి మోచెయ్యి పుట్టుకతోనే పూర్తిగా చాపుకోదు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది. పట్టింది, ఆలస్యంగా.

నిబంధన ఏమిటో అప్పుడు వెతికి చదివాను, వేసిన మూడు నోబాల్స్‌కి ఏడాదిన్నర తరువాత! బౌలింగు చేసేటప్పుడు చెయ్యి భుజం మట్టానికి లేచిన క్షణం నుంచి, బంతి వేళ్ళు వదిలే క్షణం దాకా, మోచెయ్యి కొంచెం గానీ పూర్తిగా గానీ చాపుకోకూడదు. అంతే. చెయ్యి వంగి ఉండకూడదని ఎక్కడా లేదు. వంగిన చెయ్యి వంగినట్టే తిరిగితే తప్పు లేదు. వంగినది సాగితేనే తప్పు. ఊళ్ళో మేమందరం "చెయ్యి వంచాడు, నోబాల్" అనేవాళ్ళం. మా నిబంధనే తప్పు.

ఈ నిబంధన ఎందుకంటారా? జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. భుజం ఒక్కటే తిప్పితే వచ్చే వేగం వేరు. చివర్లో ఇంకో కీలు విప్పుకుంటే వచ్చే వేగం వేరు. రాయి విసిరినప్పుడు మోచెయ్యి చేసే పని అదే. ఆ దెబ్బ ఎటునుంచి, ఎంత వేగంతో వస్తుందో బ్యాట్సుమనుకి అంచనా దొరకదు. 1962లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టరు తలకి తగిలి పుర్రె చిట్లింది. ప్రాణం దక్కింది గానీ ఆయన మళ్ళీ టెస్టు ఆడలేదు. ఆ మ్యాచిలోనే గ్రిఫిత్‌ని త్రో వేసినందుకు ఒకసారి నోబాల్ కూడా అన్నారు. తగిలిన బంతి త్రో అని ఎవరూ తేల్చలేదు. కానీ హెల్మెట్లు లేని ఆ రోజుల్లో ఈ నిబంధన వెనక ఎంత భయం ఉందో అర్థమవుతుంది. కాబట్టి నిబంధన వద్దని నేననను. దాన్ని చూసే కన్ను గురించే నా బాధ.

కన్ను ఎందుకు మోసపోతుందో నాకు హాస్టలు డాబా మీద తెలిసింది. బట్టలారేసే ఇనుప తీగ ముక్క ఒకటి తీసుకుని మధ్యలో వంచాను, కోణమానినితో కొలిచి సరిగ్గా 30 డిగ్రీలు. సాయంత్రం ఎండ పిట్టగోడ మీద పడుతోంది. తీగ ఒక కొస పట్టుకుని, బౌలరు చెయ్యి తిప్పినట్టు తిప్పుతూ, దాని నీడ చూశాను. నీడ ఒకచోట బాగా వంగి ఉంది. కాస్త తిప్పితే వంపు తగ్గింది. ఇంకాస్త తిప్పితే నీడ నిట్టనిలువు గీత! మళ్ళీ వంగింది. చేతిలో తీగ మాత్రం 30 డిగ్రీల దగ్గరే ఉంది, వంగనూ లేదు, సాగనూ లేదు. దూరం నుంచి చూసే కన్ను కూడా ఆ పిట్టగోడ లాంటిదే. దాని మీద పడేది నీడే. వంకర చెయ్యి గుండ్రంగా తిరుగుతుంటే ఆ నీడ వంగి సాగినట్టే కనిపిస్తుంది. తిన్నని చేతికి ఈ పేచీ లేదు. అది ఎటు తిప్పినా తిన్నని నీడే. అంటే, అనుమానం మొదట పడేది అవిటి చేతి మీదే.

మా రూమ్మేటు కామర్సు వాడు. "తీగతో సర్కస్ చేస్తున్నావేంట్రా" అన్నాడు. వాడి చేత కూడా తిప్పించాను. రెండోసారికి నోరు తెరిచాడు.

మురళి 2004లో ఇంతకన్నా గొప్ప ప్రయోగం చేశాడు. లోహపు కడ్డీలు పొదిగిన గట్టి పట్టీ మోచేతికి బిగించుకుని, చెయ్యి సాగే వీలే లేకుండా చేసుకుని, కెమెరా ముందు తన బంతులు వేసి చూపించాడు. చూసే వాళ్ళకి అప్పుడూ విసురుతున్నట్టే కనిపించింది.

కానీ దక్షిణాఫ్రికా కుర్రాడు జెఫ్ గ్రిఫిన్‌కి అలాంటి అవకాశం ఎవరిచ్చారు? అతని కథ చదివినప్పుడు మా ఊరి వాడే కళ్ళ ముందు కనిపించాడు. చిన్నప్పుడు ప్రమాదంలో చెయ్యి దెబ్బతిని తిన్నగా చాపలేకపోయేవాడు. 1960లో లార్డ్స్ మైదానంలో, 21 ఏళ్ళ వయసులో, హ్యాట్రిక్ తీశాడు. ఆ మైదానంలో టెస్టు హ్యాట్రిక్ అదే మొదటిది. అదే మ్యాచిలో 11 సార్లు అతన్ని త్రో అని నోబాల్ అన్నారు. టెస్టు ముందే ముగిసిపోతే, జనం కోసం ఒక సరదా మ్యాచి పెట్టారు. అందులోనూ వదల్లేదు. ఓవరు పూర్తి చెయ్యడానికి పాపం చెయ్యి కింది నుంచి బంతి వేశాడు. పద్ధతి మారుస్తున్నట్టు ముందుగా చెప్పలేదని ఆ బంతిని కూడా నోబాల్ అన్నారు! మళ్ళీ టెస్టు ఆడలేదు. అతని చెయ్యి నిజంగా సాగిందేమో కూడా. నేను కాదనను. కానీ కొలిచిన వాళ్ళు లేరు.

ఇప్పుడు కొలుస్తున్నారు. 2004 ప్రాంతంలో వేగవంతమైన కెమెరాలతో పరీక్షిస్తే, ఎవరూ ఏనాడూ వేలెత్తి చూపని ఫాస్టు బౌలర్ల మోచేతులు కూడా ఎంతో కొంత సాగుతున్నట్టు తేలింది. అంతకుముందు స్పిన్నర్లకి 5, మీడియం పేసర్లకి 7.5, ఫాస్టు బౌలర్లకి 10 డిగ్రీలు అని హద్దులుండేవి. అదే ఏడాది మురళి 'దూస్రా' 14 డిగ్రీలు సాగుతోందని తేలి, ఆ బంతి వెయ్యొద్దన్నారు. 2005 మార్చి నుంచి ఐసీసీ అందరికీ 15 డిగ్రీలే హద్దు చేసింది. అంతకన్నా తక్కువ సాగితే మామూలు కంటికి తెలియదు గనక. మురళి కోసమే హద్దు జరిపారని కొందరు నేటికీ అంటారు.

నాకు మాత్రం పత్తి గుర్తొచ్చింది. తేమ లేని పత్తి ఉండదు. ఉండకూడదంటే కొనే వాడుండడు. ఎనిమిది శాతం మామూలు, పన్నెండు దాటితే ప్రభుత్వ కొనుగోలులో తీసుకోరు. ఒకసారి మా నాన్న పత్తి తోలుకెళ్తే ఒక వ్యాపారి బోరెంలోకి చెయ్యి దూర్చి "తేమ" అని ధర తెగ్గోశాడు. నాన్న మీటరు పెట్టమన్నాడు. "నా చెయ్యే మీటరు" అన్నాడట ఆయన. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఆ కనుమ నాడు నా కన్నే కోణమానిని. తేడా ఏముంది?

ఇప్పటి పద్ధతి ఇదీ. మైదానంలో అంపైరుకి నోబాల్ అనే అధికారం ఇంకా ఉంది గానీ, అంతర్జాతీయ మ్యాచిల్లో సాధారణంగా అనుమానం రాసి పంపుతారు. 14 రోజుల్లో బౌలరు గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రానికి వెళ్ళాలి. మన పక్కనే చెన్నైలో శ్రీ రామచంద్ర విశ్వవిద్యాలయంలో అలాంటిదొకటి ఉంది. చేతికి, భుజానికి మెరిసే చిన్న గుండ్లు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి బంతులు వేయిస్తారు. అనేక దిక్కుల నుంచి చూస్తే నీడలు కలిసి అసలు ఆకారం దొరుకుతుంది. మోచెయ్యి వెనక్కి విరిగినట్టు వంగే గుణం కొందరికుంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోరు. పరీక్షలో బుద్ధిగా వేసి, మ్యాచిలో మళ్ళీ విసిరితే? అందుకని మ్యాచి చిత్రాలతో పోల్చి చూస్తారు. రెండేళ్ళలో రెండోసారి దొరికితే ఏడాది పాటు బౌలింగు లేదు.

ఇందులోనూ మన వాళ్ళున్నారు. మురళి 800వ వికెట్టు ఎవరిదో తెలుసా? 2010 జులైలో గాలేలో, మన హైదరాబాదు జట్టు స్పిన్నరు ప్రజ్ఞాన్ ఓఝాది. ఆ ఓఝానే 2014 డిసెంబరులో చెయ్యి సాగుతోందని బౌలింగు నుంచి ఆపారు. సరిచేసుకుని తిరిగొచ్చాడు. ఆ ఏడాదే ఉప్పల్ స్టేడియంలో ఛాంపియన్స్ లీగ్ ఆడుతూ సునీల్ నరైన్ రెండుసార్లు అనుమానంలో పడి ఫైనల్ పోగొట్టుకున్నాడు. మా గుంటూరు అంబటి రాయుడు 2019 జనవరిలో సిడ్నీలో రెండే రెండు ఓవర్లు వేసి అనుమానంలో పడ్డాడు. గడువులోగా పరీక్షకి వెళ్ళలేదు, అంతర్జాతీయ మ్యాచిల్లో బౌలింగు నిలిపేశారు. ఆయన బ్యాట్సుమను గనక పెద్ద నష్టం లేదు. 2024లో బంగ్లాదేశ్ షకీబ్ అల్ హసన్ అంతటి వాడు రెండు పరీక్షలు తప్పి, 2025 మార్చిలో మూడోదానికి గట్టెక్కాడు. తప్పినా మళ్ళీ వెళ్ళే దారి ఉంది. మా హైస్కూలు ఆవరణలో ఆ దారి లేదు.

మొన్న దసరా సెలవులకి వెళ్ళినప్పుడు తీగ ముక్క జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాడిప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు, మీసాలొచ్చాయి. ఎండలో గోడ ముందు తీగ తిప్పి చూపించాను. నీడనీ, తీగనీ మార్చి మార్చి చూశాడు.

"అంటే అప్పుడు నేనేసింది కరెక్టేనా అన్నా?"

అవునని అనేస్తే తేలికగా ఉండేది. కానీ అది కూడా కొలవకుండా ఇచ్చే తీర్పే గదా! చెయ్యి పట్టుకుని జామెట్రీ బాక్సు కోణమానినితో కొలిచాను. పూర్తిగా చాపితే 28 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, తలుపు కింద రాయి పెట్టినట్టు. అయితే బంతి వేసేటప్పుడు అది 50 దాకా ముడుచుకుని 28కి సాగితే తప్పే. 35 నుంచి 28కి వస్తే తప్పు లేదు. నా ఫోన్లో నిదానంగా ఆడే వీడియో తీశాను. ఒక్క ఫోనంటే ఒక్క నీడ. దానితో ఏమీ తేలలేదు.

"తెలీదురా," అన్నాను. "అప్పుడూ తెలీదు. తెలీకుండానే ఇచ్చాను."

వాడు కాసేపు ట్రాక్టరు టైరుకంటిన మట్టి గోక్కుంటూ నిలబడ్డాడు. "మా నాయన ముందర ఆ మాట చెప్తావా?" అన్నాడు.

చెప్పాను. బాబాయ్ పత్తికి మందు కొట్టి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అంతా విని, "సర్లే, కాఫీ తాగి పో" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

ఈసారి సంక్రాంతికి రూమ్మేటు ఫోను కూడా తీసుకెళ్తున్నాను. ఒకటి పక్క నుంచి, ఒకటి ముందు నుంచి పెడితే కోణం కట్టొచ్చునని మా ఫిజిక్సు మేష్టారు లెక్క చూపించారు. రోజూ సాయంత్రం వాడు చెరువుకట్ట మీద బంతి వేస్తున్నాడట. అంపైరుగా మాత్రం నన్ను పెట్టొద్దని ముందే చెప్పాడు.